తోక చూసి చెప్పిన తీర్పు

నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. పగడపు దిబ్బల మధ్య బతికే చేపల గురించి పద్దెనిమిదేళ్లుగా పాఠం చెబుతున్నాను. సముద్రాన్ని మాత్రం రెండే రెండుసార్లు చూశాను, రెండుసార్లూ మోకాళ్ల లోతు దాకా. ఈ సంగతి పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. సార్ అన్నవాడిని ఎంత లోతు దాకా దిగావని మా దగ్గర ఎవరూ అడగరు.

మా బావకు నా చదువు మీద గొప్ప నమ్మకం. బావ అంటే మా అక్క భర్త. సిరిసిల్లలో సాంచాలు నడిపిస్తాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. ఆయనకు జలుబు చేసినా, నడుం పట్టేసినా డాక్టరు కంటే ముందు నాకు ఫోన్ చేస్తాడు. "డాక్టర్ను అడుగు బావా" అంటే, "జంతువుల చదువు చదివినవ్ కద, నాకేమైందో నీకు తెల్వదా?" అంటాడు. తనను ఏ లెక్కలో వేసుకుంటున్నాడో ఆయనకు ఇప్పటికీ తట్టలేదు. నేను కూడా చెప్పలేదు.

రెండేళ్ల కింద బావ వాళ్ల ఎదురింటాయన తన ముందుగదిలో గోల్డ్‌ఫిష్ తొట్టి పెట్టించాడు. మూడు రోజులు బావకు అన్నం సయించలేదు. నాలుగో రోజు నాకు ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, మంచినీళ్ల చేపలు ఎవడైనా పెడతడు. మనం సముద్రం పెడదాం."

సిరిసిల్లకు సముద్రం తేవడమంటే మాటలు కాదు. కానీ కోరుట్లలో ఒక సాబ్ ఉన్నాడు. చిన్న దుకాణం, నిండా చేపల తొట్లు. ఉప్పు ప్యాకెట్లు తెప్పించి నీళ్లలో కలిపి, ఒక తొట్టిలో మాత్రం సముద్రపు చేపలను పెంచేవాడు. ఆయనతో ఇబ్బంది ఏమిటంటే అడిగిన వెంటనే అమ్మడు. తొట్టి బిగించాడు, ఇసుక పోశాడు, ఉప్పునీళ్లు నింపాడు, చేపలు మాత్రం ఇవ్వలేదు. "నీళ్లు పండాలె సేట్, కొత్తనీళ్లల చేప బతకది, నెల రోజులు ఆగున్రి" అన్నాడు. బావ నెల రోజులు ఖాళీ నీళ్లను చూస్తూ కూర్చున్నాడు. వచ్చినవాళ్లందరికీ ఆ నీళ్లనే చూపించి, ఇది సముద్రం అని చెప్పేవాడు. ఎదురింటాయన రోజూ వచ్చి, "చేపలు సన్నగున్నట్టున్నయ్, కనవడ్తలెవ్" అని వెళ్లేవాడు.

నెల గడిచాక సాబ్ ఇచ్చింది ఒక జోడీ. రెండూ చిటికెన వేలంత ఉన్నాయి. నీలిమందు నీళ్లలో ముంచి తీసినంత నీలం. ఒకదాని తోక నారింజ రంగు. రెండోదానికి తోకలో ఏ రంగూ లేదు, అద్దంలా ఉంది. వీపు మీద రెక్క ముగిసే చోట మాత్రం దిష్టిచుక్క పెట్టినట్టు ఒక నల్ల చుక్క. "నారింజ తోకది మొగది, చుక్కది ఆడది. నేను మాట ఇస్తున్న, జోడీ ఇది" అన్నాడు సాబ్. ఆయన మాట ఇస్తున్నాడంటే ఆయన దుకాణమున్న సందులో అందరికీ అది చాలు. చేప బతకదనుకుంటే అమ్మకుండా వెనక్కి పంపించిన మనిషి అని పేరు.

బావ ఆ సంచీని ఒడిలో పెట్టుకుని వేములవాడ మీదుగా కార్లో సిరిసిల్లకు తెచ్చాడు. ఎదురింటాయనను, చుట్టుపక్కల వాళ్లను పిలిచి, అందరి ముందు తొట్టిలో వదిలాడు. వదిలీ వదలగానే రెండు చేపలూ బొగ్గులా నల్లగా అయిపోయి రాళ్ల సందులో దూరాయి.

భయపడితే ఈ జాతి చేపలు నల్లబడతాయి. కుదురుకున్నాక మళ్లీ నీలం వస్తుంది. నేను అక్కడ ఉంటే ఆ మాట చెప్పేవాడినేమో. కానీ అక్కడున్నది సిరిసిల్ల. పుట్టినప్పటి నుంచీ బట్టను తిరగేసి, నలిపి, తడిపి చూసిన వాళ్లు. వాళ్లకు నీలం నల్లబడిందంటే ఒకటే అర్థం.

"రంగు దిగింది" అన్నాడు ఎదురింటాయన.

ఆ ఒక్క మాటతో బావ పరువు గంగలో కలిసింది. సాబ్ మామూలు చేపలకు రంగు అద్ది అంటగట్టాడని సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది. చూడ్డానికి జనం వచ్చారు. బావ ఉంగరంతో అద్దం మీద టకటక కొట్టి, "చూడున్రి, ఎట్ల దిగుతాందో" అని చూపించేవాడు. కొట్టినప్పుడల్లా చేపలు నల్లబడేవి. వంటింట్లోంచి మా అక్క, "మీరు పోంగనే అవి మంచిగ నీలంగైతయి. మీ ముఖాలు చూస్తెనే నల్లగైతున్నయ్" అని అరిచేది. ఆ ఇంట్లో నిజం తెలిసిన ఏకైక మనిషి ఆమె. అందుకే ఎవరూ పట్టించుకోలేదు.

పంచాయతీ పెట్టారు. ఆదివారం పొద్దున, బావ ముందుగదిలోనే. జగిత్యాల నుంచి నన్ను పిలిపించారు, కోరుట్ల నుంచి సాబ్‌ను. బావ నాకు ముందే చెప్పాడు: "పైసలు కాదు బామ్మర్దీ, ఇజ్జత్ ముచ్చట. ఎదురింటోని ముందట తల ఎత్తుకోవాలె." నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో లావాటి పుస్తకం ఒకటి పట్టుకుని వెళ్లాను. ఆ పుస్తకంలో ఈ చేప లేదు. పుస్తకం లావుగా ఉందని తెచ్చాను.

సాబ్ బస్సు దిగి వచ్చాడు. వెంట ఆయన బిడ్డ. ఆ అమ్మాయిని చూడగానే నాకు కొంచెం ఇబ్బంది అనిపించింది. మా కాలేజీలో రెండో సంవత్సరం, నా క్లాసులో మూడో బెంచీ. చేపల గురించి ఇంగ్లిషులో ఉన్నదంతా ఫోన్లో చదివి తండ్రికి చెప్పేది ఆమే. "నమస్తే సార్" అని నవ్వింది. సార్ వచ్చారు కదా, ఇక భయం లేదనుకుంది పాపం.

పంచాయతీకి పెద్ద, అద్దకంలో అరవై ఏళ్లు చేతులు ముంచిన ముసలి మేస్త్రి. ఆయన గోళ్లలో ఇప్పటికీ రంగు ఉంటుంది. రంగు సంగతి ఎలా తేలుస్తారో ఆయనకు బాగా తెలుసు. పంచె మడతలోంచి తెల్లగుడ్డ ముక్క తీశాడు. తడిపి రుద్దితే, కచ్చా రంగయితే గుడ్డకు అంటుతుంది. చీరకు చేసే పరీక్ష అదే, లుంగీకి అదే, చేపకు వేరే ఎందుకుంటుంది?

సాబ్ లేచి నిలబడ్డాడు. "తాతా, నీ కాళ్లు మొక్కుత, దాన్ని నీళ్లలకెళ్లి తియ్యకు. రుద్దితె పై పొర పోతది, సస్తది."

"పక్కా రంగైతె ఎందుకు పోతది?" అన్నాడు మేస్త్రి, న్యాయంగానే.

చివరికి సాబే వలతో పట్టి, నీళ్ల అంచున పెట్టుకుని, గుడ్డను ఉప్పునీళ్లలో తడిపించి, ఒక్కసారి మెల్లగా ఆనించనిచ్చాడు. చేప వలలో నల్లబడింది. గదిలో అందరూ ఒక్కసారిగా "ఆఁ" అన్నారు. మేస్త్రి గుడ్డ తీసి వెలుతురులో పట్టుకున్నాడు. తెల్లగా ఉంది. రెండో చేపకూ ఆనించాడు. గుడ్డ తెల్లగానే ఉంది. వాసన కూడా చూశాడు.

"అద్దకం కాదిది" అన్నాడు. "పుట్టుక రంగే."

ఎదురింటాయన మూతి మీద నవ్వు మొదలైంది. సాబ్ కళ్లు తుడుచుకున్నాడు. బావ ముఖం నేను ఎన్నడూ చూడనంత చిన్నగా అయింది. ఒక నిజాయితీపరుణ్ని కోరుట్ల నుంచి పిలిపించి, వీధంతటినీ కూర్చోబెట్టి, తన ఇంట్లో తానే ఓడిపోయాడు. అప్పుడు బావ నా వైపు చూశాడు. ఆయనతో పాటు అందరూ చూశారు.

అక్కడ నేను లేచి, సాబ్ నిజమే చెప్పాడు, టీ తాగుదాం రండి, అంటే సరిపోయేది. దానికి చదువు కూడా అక్కర్లేదు. కానీ ఇస్త్రీ చొక్కా వేసుకుని అంత దూరం వచ్చింది టీ తాగడానికా?

గొంతు సవరించుకున్నాను. "రంగు వెయ్యలేదు, సరే. కానీ ఇవి జోడీ కాదు" అన్నాను. "ఇవి రెండు వేరే వేరే జాతులు. తోక చూడున్రి. దీనిది పసుపు తోక జాతి. గా రెండోది వట్టి నీలం జాతి. చిన్నప్పుడు చూస్తె ఒక్క తీరుగనే ఉంటయి, తెల్వనోళ్లు మోసపోతరు." ఆ మీదట ఒక లాటిన్ పేరు కూడా వేశాను. లాటిన్ వినగానే గది మొత్తం తల ఊపింది. ఎదురింటాయన నవ్వు ఆగిపోయింది. బావ వెన్ను నిటారుగా అయింది.

అలాంటి రెండు జాతులు ఉన్న మాట నిజమే. నీలం ఒళ్లు, పసుపు తోక ఉన్న చేప ఒకటి వేరే ఉంది. దాని ఒళ్లు కాస్త పొట్టిగా, ఎత్తుగా ఉంటుంది. ముఖం మీద గీత ఉండదు. సాబ్ ఇచ్చిన జాతిలో మగదానికి చాలా చోట్ల తోక నారింజగా ఉంటుంది, ఆడదానికి ఉండదు. మగదానికైనా ఆడదానికైనా మూతి నుంచి కంటి మీదుగా కాటుక తీర్చినట్టు ఒక నల్ల గీత ఉంటుంది. రెంటినీ వేరు చెయ్యాలంటే తోక వదిలేసి ముఖం చూడాలి. అంత చిన్న విషయం.

"సార్" అంది సాబ్ బిడ్డ. లేచి నిలబడింది, క్లాసులో నిలబడ్డట్టే. "సార్, ముఖం చూడున్రి సార్. కన్ను మీదికెళ్లి గీత ఉన్నది. రెండిటికీ ఉన్నది."

"కూసో బిడ్డా" అన్నాను. "అది సిలబస్‌ల లేదు."

ఆమెకు కూర్చోవడానికి అక్కడ కుర్చీ కూడా లేదు. అలాగే గోడకు ఆనుకుని నిలబడింది. సాబ్ చేపలను వెనక్కి తీసుకుంటానన్నాడు. బావ దర్జాగా, "ఉండనీ, పాపం, తెల్వక ఇచ్చినవ్" అని క్షమించేశాడు. తప్పు చెయ్యని మనిషిని క్షమించడం ఎంత సులువో ఆ రోజు చూశాను. సాబ్ సలాం చెప్పి, బిడ్డను తీసుకుని వెళ్లిపోయాడు. ఇచ్చిన టీ ముట్టుకోలేదు. మధ్యాహ్నం అక్క వండిన మాంసం కూర నేను మాత్రం రెండుసార్లు వేసుకుని తిన్నాను.

ఆ పంచాయతీని ఎవరో ఫోన్లో తీశారు. తెల్లగుడ్డ ఆనించడం ఉంది, నా లాటిన్ ఉంది, గుడ్డ తెల్లగా ఉండిపోయిన ముక్క మాత్రం లేదు. అది కోరుట్ల చేరడానికి వారం పట్టలేదు. సాబ్‌కు "రంగుల చేపల సాబ్" అని పేరు పడింది. ఎప్పుడో గోల్డ్‌ఫిష్ కొన్నవాళ్లు కూడా వచ్చి, ఇది ఎన్ని ఉతుకులకు వెలిసిపోతుంది అని అడిగేవాళ్లట. ఇచ్చిన మాటతో బతికిన మనిషి దుకాణంలో, ఆ మాటనే అందరూ రుద్ది చూడటం మొదలుపెట్టారు. ఆయన సముద్రపు తొట్టి ఎండగట్టేశాడు.

ఆయన బిడ్డ మూడో బెంచీ నుంచి ఆఖరి బెంచీకి మారింది. అంతకు ముందు క్లాసులో చెయ్యెత్తని రోజు లేదు. ఇప్పుడు నేను అడిగినా "తెల్వదు సార్" అనేది. తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసు. పద్దెనిమిదేళ్లలో నన్ను భయపెట్టిన విద్యార్థి ఆమె ఒక్కతే.

నాలుగు నెలల తర్వాత బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, గా నారింజ తోకదానికి ఏదో రోగమచ్చింది. మేతకు బయటికత్తలేదు. కోన్‌ల దూరి రెక్కలు ఊపుతాంది. వేలు పెడితె పొడుస్తాంది." కోన్ అంటే నూలు చుట్టి వచ్చే ప్లాస్టిక్ గొట్టం. చేపలు దాక్కోవడానికి బావ అలాంటివి రెండు తొట్టిలో వేశాడు. "కోన్ లోపట సాబుదానా గింజల లెక్క సన్నగ ఏమో అతుక్కుంది. ఏందది?"

"బూజు" అన్నాను ఫోన్లోనే, చూడకుండా. అలవాటు.

వెళ్లి చూశాను. బావ దగ్గర దారాలు లెక్కపెట్టే భూతద్దం ఉంటుంది. అది పెట్టి చూస్తే బూజుకు కళ్లున్నాయి. ఒక్కో గుడ్డులో రెండేసి నల్లటి చుక్కలు నన్నే చూస్తున్నాయి. మగచేప గుడ్లకు కాపలా కాస్తూ, గాలి తగలాలని రెక్కలు ఊపుతోంది. పక్కనే చుక్క ఉన్న ఆడది తిరుగుతోంది. రెండింటి ముఖాల మీదా కంటి మీదుగా గీత.

"జోడీయే బావా" అన్నాను.

"నేను మొదటిసంది అదే అంటున్న కద!" అన్నాడు బావ. వెంటనే ఎదురింటాయనను పిలిచి చూపించాడు. మీ గోల్డ్‌ఫిష్ ఎన్నడన్న గుడ్లు పెట్టిందా, అని అడిగాడు. సొంత మనవలు పుట్టినంత సంబరం. కోరుట్ల వెళ్లి సాబ్‌కు చెబుదాం పద అన్నాను. "పాత ముచ్చట ఇప్పుడెందుకు? అయిపోయింది కద" అన్నాడు. అయిపోయింది ఎవరికో ఆయన చెప్పలేదు.

ఆ ఆదివారం ఒక్కడినే కోరుట్ల వెళ్లాను. దుకాణంలో గోల్డ్‌ఫిష్, గప్పీలు ఉన్నాయి. సముద్రపు తొట్టిలో మేత డబ్బాలు పేర్చి ఉన్నాయి. సాబ్ నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు, చాయ్ తెప్పించాడు. తిట్టి ఉంటే బాగుండేది. గుడ్ల సంగతి చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. "ఎన్ని రోజులైంది? మొగది కాపలా ఉన్నదా? అల్హందులిల్లా" అన్నాడు. తన మీద పడ్డ మచ్చ పోయిందన్న సంగతి ఆయనకు ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆయన ముందు నేను ఎంత చిన్నవాడినో అప్పుడు తెలిసింది.

"ఏం చెయ్యమంటరు?" అని అడిగాను.

ఆయన బిడ్డ వైపు చూశాడు. ఆమె నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి నా ముందు పెట్టింది. "ఆనాడు ఏం జరిగిందో రాయున్రి సార్."

రాశాను. 'తగిన సమాచారం అందుబాటులో లేనందువలన ఆ రోజు కొంత అస్పష్టత చోటుచేసుకున్నది' అని మొదలుపెట్టాను. ఆమె చదివి, ఎర్రపెన్నుతో అడ్డంగా గీత కొట్టింది. రెండో కాగితం ఇచ్చింది. 'ఈ జాతులను గుర్తించడం నిపుణులకు సైతం కష్టం' అని రాశాను. అదీ కొట్టేసింది. ఇంతకాలం నేను ఎందరి పేపర్ల మీదో పెట్టిన గీతలు అలాగే ఉంటాయి కాబోలు. మూడో కాగితం మీద, 'నేను చూడకుండా చెప్పాను' అని రాశాను. ఇంతకంటే నిజం ఏముంటుందనుకున్నాను.

ఆమె పెన్ను ఆగింది. "చూడకుండా చెప్పిన్రా సార్?"

ఈ సంగతి ఇంతవరకూ మీకు కూడా చెప్పలేదు. ఆ రోజు ముఖం చూడమని ఆమె అన్నప్పుడు నేను చూశాను. నా కళ్లు నాకు తెలియకుండానే తొట్టి వైపు పోయాయి. చేపలు అప్పుడే మళ్లీ నీలంగా తేరుకుంటున్నాయి. రెండింటి కంటి మీదుగా గీత స్పష్టంగా ఉంది. అది చూసే, కూసో బిడ్డా అన్నాను. నేను చూడటం ఆమె చూసింది. నాలుగు నెలలు ఆఖరి బెంచీలో కూర్చుని ఆమె మోసింది అదే.

నాలుగో కాగితం మీద రెండు వాక్యాలే రాశాను. 'సాబ్ ఇచ్చింది నిజమైన జోడీ. అది చూసి కూడా, మా బావ పరువు కోసం నేను అబద్ధం చెప్పాను.' సంతకం పెట్టాను. ఆమె ఏదీ కొట్టెయ్యలేదు. తండ్రికి చదివి వినిపించింది. ఆయన కాగితం మడిచి నా చేతికే ఇచ్చాడు. "ఇక్కడ దుకాణం గోడకు అంటిస్తె ఎవరు చదువుతరు సార్? మీరు ఎక్కడ చెప్పిన్రో అక్కడ్నే చదువున్రి. గా మనుషుల ముందట్నే. మేం కూడ అస్తం."

తర్వాతి ఆదివారం బావ ముందుగదిలో అందరినీ కూర్చోబెట్టడానికి మా అక్క కావాల్సి వచ్చింది. "నా తమ్ముడు చదువుతడంటె మీరు కూసోవాలె" అంది. ఆ ఇంట్లో ఆమె మాట నెగ్గడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఎదురింటాయన వచ్చాడు, ముసలి మేస్త్రి వచ్చాడు. సాబ్, ఆయన బిడ్డ గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను చదివాను. బావ ముఖం మళ్లీ చిన్నగా అయింది. ఈసారి ఆయన నా వైపు చూడలేదు. ఫోన్లో ఎవరూ తియ్యలేదు కూడా.

తర్వాత మేస్త్రి లేచి, తన కుర్చీ సాబ్ వైపు జరిపాడు. "నా గుడ్డ ఆనాడే చెప్పింది. నేనే గట్టిగ చెప్పకపోతి" అన్నాడు. "ఏదీ, గా ముఖం మీది గీత నాకు జర చూపియ్యి." సాబ్ ఆయన భుజం పట్టుకుని తొట్టి దగ్గరకు తీసుకెళ్లి, అద్దాన్ని ముట్టుకోకుండా వేలితో చూపించాడు. మేస్త్రి వంగి చూశాడు, "అగో! కాటుక పెట్టుకున్నయ్" అన్నాడు. అంతే, ఎదురింటాయన లేచాడు, వీధి వాళ్లు లేచారు, వెనక బావ కూడా లేచాడు. తొట్టి చుట్టూ తలలు మూగాయి. సాబ్ ఒక్కొక్కరికీ ఓపికగా చూపిస్తున్నాడు.

నాకు ఏమీ కనిపించడం లేదు. మునివేళ్ల మీద లేచి, ఇద్దరి భుజాల మధ్య నుంచి తల దూర్చబోయాను. వెనక నుంచి నా విద్యార్థిని గొంతు మెల్లగా వినిపించింది.

"సార్, మీరు చూసిన్రు కద. వాళ్లను చూడనియ్యున్రి."